పీటర్ తంగరాజ్

పీటర్ తంగరాజ్ (డిసెంబర్ 24, 1935 - నవంబర్ 24, 2008) భారతదేశపు ప్రముఖ ఫుట్‌బాల్ గోల్ కీపర్. హైదరాబాదులో జన్మించిన ఇతడు 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు సభ్యుడు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో స్వర్ణపతకం గెలిచిన భారత జట్టుకు గోల్ కీపర్‌గా ఆడాడు. 1958లో ఆసియాలో అత్యుత్తమ గోల్ కీపర్‌గా గుర్తింపు పొందాడు. 1967లో భారత ప్రభుత్వం ఇతడికి అర్జున అవార్డు ప్రదానం చేసింది.

తొలి రోజులు

సికింద్రాబాదు కంటోన్మెంటు ప్రాంతంలో బ్రిటిషు సైన్యం కాలం నుండి ఫుట్‌బాల్‌కు ఆదరణ ఉండేది. తంగరాజ్ మొదట సికింద్రాబాదులోని మార్నింగ్ స్టార్ క్లబ్బు, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల తరఫున ఆడాడు. 1953లో భారత సైన్యంలో చేరి, నీలగిరి కొండలలోని వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టులో స్థానం పొందాడు.

అక్కడ ఇతడు మొదట సెంటర్ ఫార్వర్డ్‌గా, అనగా గోల్స్ చేసే ఆటగాడిగా ఆడాడు. తరువాత గోల్ కీపర్‌గా మారాడు. ఇతడి జీవితానికి ఈ మార్పే మలుపు అయింది. ఫుట్‌బాల్‌లో గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. ఇంత విశాలమైన స్థలాన్ని ఒక్కడే కాపాడవలసిన గోల్ కీపర్‌కు పొడవైన శరీరం, చురుకుదనం రెండూ అవసరం. ఆరడుగులకు మించిన తంగరాజ్‌కు ఎత్తుగా వచ్చే బంతులను అందుకోవడం సులభమయ్యేది.

మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టు 1955లోను, 1958లోను డ్యూరాండ్ కప్పు గెలుచుకుంది. భారతదేశంలో అత్యంత పురాతనమైన ఫుట్‌బాల్ పోటీ ఇదే. తంగరాజ్ సారథ్యంలో సర్వీసెస్ జట్టు 1960-61లో బెంగాల్‌ను ఓడించి మొదటిసారిగా సంతోష్ ట్రోఫీ సాధించింది. 1956-57, 1957-58 సంవత్సరాలలో ఇదే ట్రోఫీని హైదరాబాదు జట్టు గెలిచింది. అయితే సైన్యంలో ఉన్న కారణంగా తంగరాజ్ ఆ కాలంలో తన సొంత ఊరి జట్టుకు బదులు సర్వీసెస్ తరఫున ఆడాడు.

ఒలింపిక్ క్రీడలు

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత ఆటగాళ్ళలో పలువురు బూట్లు లేకుండా ఆడగా, యుగోస్లావియా చేతిలో జట్టు 1-10 తేడాతో ఓడిపోయింది. ఆ తరువాత బూట్లు ధరించి ఆడటం తప్పనిసరి అయింది. ఈ మార్పు తరువాత రూపుదిద్దుకున్న జట్టులోకి తంగరాజ్ 1955లో ఢాకాలో జరిగిన నాలుగు దేశాల పోటీ ద్వారా ప్రవేశించాడు. జట్టు శిక్షకుడు హైదరాబాదుకే చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఒకప్పుడు బడిపంతులుగా పనిచేసిన రహీం హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును దేశంలోని మేటి జట్లలో ఒకటిగా తీర్చిదిద్దాడు.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరింది. అక్కడ యుగోస్లావియా చేతిలో 1-4 తేడాతోను, కాంస్యపతకం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3 తేడాతోను ఓడి నాలుగవ స్థానంలో నిలిచింది. ఆ జట్టులో తంగరాజ్‌తో పాటు ఎస్.ఎస్.నారాయణ్ కూడా గోల్ కీపర్‌గా ఉన్నాడు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్‌కు కఠినమైన గ్రూపు లభించింది. హంగరీ చేతిలో 1-2 తేడాతో ఓడింది. ఫ్రాన్సుతో 1-1తో సమంగా ముగించింది. పెరూ చేతిలో 1-3 తేడాతో ఓడి ఇంటిదారి పట్టింది. హంగరీ, పెరూలపై భారత్ చేసిన ఒక్కొక్క గోల్ సికింద్రాబాదుకు చెందిన తులసీదాస్ బలరాం సాధించినవే. ఆ తరువాత ఒలింపిక్ ఫుట్‌బాల్ ప్రధాన పోటీలకు భారత్ మరల అర్హత సాధించలేదు.

ఆసియా క్రీడలు

1958 టోక్యో ఆసియా క్రీడలలో భారత్ సెమీఫైనల్లో దక్షిణ కొరియా చేతిలో ఓడి, చివరకు నాలుగవ స్థానం పొందింది. పతకం రాకపోయినా, ఆ సంవత్సరమే తంగరాజ్ ఆసియా అత్యుత్తమ గోల్ కీపర్‌గా ఎంపికయ్యాడు. తరువాత ఆసియా ఆల్ స్టార్ జట్టుకు రెండు పర్యాయాలు ఆడాడు.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఇతడి జీవితంలో ముఖ్య ఘట్టం. భారత్ తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడింది. తరువాత థాయిలాండ్‌ను 4-1, జపాన్‌ను 2-0, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2 తేడాతో ఓడించింది. పోటీల సమయంలో తంగరాజ్ ఫ్లూ జ్వరంతో బాధపడగా, అతడి స్థానంలో ప్రద్యుత్ బర్మన్ గోల్‌ను కాపాడాడు.

సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్లో ప్రత్యర్థి మరల దక్షిణ కొరియాయే. విజయవంతంగా ఆడుతున్న గోల్ కీపర్‌ను ఫైనల్ ముందు మార్చడం సాహసమే. అయినప్పటికీ రహీం జ్వరం నుండి కోలుకున్న తంగరాజ్ ఎత్తును, అనుభవాన్ని నమ్మి అతడినే బరిలోకి దింపాడు. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఇజ్రాయిల్, తైవాన్‌లకు ఆహ్వానం లేకపోవడాన్ని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ విమర్శించినందువలన సెనయాన్ స్టేడియంలోని ప్రేక్షకులు భారత జట్టుకు వ్యతిరేకంగా కేకలు వేశారు. పి.కె.బెనర్జీ, జర్నైల్ సింగ్ మొదటి 20 నిమిషాలలోనే చెరొక గోల్ చేశారు. కొరియా ఒకే ఒక గోల్ చేయగలిగింది, అది కూడా 85వ నిమిషంలో. భారత్ 2-1 తేడాతో గెలిచి స్వర్ణపతకం పొందింది. హైదరాబాదుకు చెందిన యూసుఫ్ ఖాన్, బలరాం కూడా ఆ మ్యాచ్‌లో ఆడారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఇదే చివరి స్వర్ణం. రహీం మరుసటి సంవత్సరం జూన్‌లో క్యాన్సర్‌తో మరణించాడు.

తంగరాజ్ 1966 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కూడా భారత జట్టులో ఉన్నాడు.

కలకత్తా క్లబ్బులు

సైన్యం నుండి వైదొలగిన తరువాత తంగరాజ్ కలకత్తా చేరాడు. అక్కడి మూడు పెద్ద క్లబ్బులైన మహమ్మదన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్‌లకు వేర్వేరు కాలాలలో ఆడాడు. పరస్పరం తీవ్రమైన పోటీ గల ఈ క్లబ్బులన్నీ కోరుకున్న ఆటగాడు కావడం ఇతడి ప్రతిభకు నిదర్శనం. ఆనాటి నిబంధనల ప్రకారం సహచరుడు కాలితో వెనక్కి పంపిన బంతిని గోల్ కీపర్ చేతితో పట్టుకునే వీలుండేది. 1992లో ఈ వెసులుబాటును తొలగించారు.

శిక్షకుడిగా

1970వ దశకం ఆరంభంలో ఆట నుండి విరమించిన తరువాత తంగరాజ్ శిక్షకుడిగా పనిచేశాడు. గోవాలోని వాస్కో క్లబ్బు, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, బొకారో ఉక్కు కర్మాగారం జట్లకు శిక్షణనిచ్చాడు. జార్ఖండ్‌లోని బొకారోలో స్థిరపడి, 2008 నవంబర్ 24న అక్కడే మరణించాడు.

ప్రాముఖ్యత

హైదరాబాదు నుండి అర్జున అవార్డు పొందిన ఫుట్‌బాల్ క్రీడాకారులలో బలరాం (1962), యూసుఫ్ ఖాన్ (1966)ల తరువాతి వాడు తంగరాజ్. జకార్తా ఫైనల్లో కలసి ఆడిన ఈ ముగ్గురూ హైదరాబాదు, సికింద్రాబాదు మైదానాలలో ఎదిగినవారే. అయితే వెల్లింగ్టన్ నుండి కలకత్తా మీదుగా బొకారో వరకు సాగిన తంగరాజ్ జీవితంలో ఎక్కువ భాగం సొంత ఊరికి దూరంగానే గడిచింది. అందువలన ఇతడి పేరు తెలుగు నేలపై కన్నా కలకత్తా ఫుట్‌బాల్ చరిత్రలోనే ఎక్కువగా వినిపిస్తుంది.