ఇంటికొక్క బిడ్డకే చదువు

దళితుల చదువుల చరిత్ర రాసేటప్పుడు మిషనరీల్ని, సంస్కర్తల్ని, సర్కారుని లెక్కలోకి తీసుకుంటాం. డబ్బు మార్కెట్లో సంపాదించి బడి పెట్టినవాణ్ణి ఏ గాటన కట్టాలో మనం ఇంకా తేల్చుకోలేదు. అందుకు అబ్రహాం జార్జ్ కథ చూడాలి.

కేరళలో పుట్టి, భారత సైన్యంలో అధికారిగా చేసి అమెరికా వెళ్లిన మనిషి. అక్కడ బ్యాంకులో పనిచేశాడు. తర్వాత పెద్ద కంపెనీల అంతర్జాతీయ ఆర్థిక లావాదేవీలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థ పెట్టాడు. 1997లో తమిళనాడులో హోసూరు దగ్గర బలిగానపల్లిలో శాంతి భవన్ తెరిచాడు. అప్పటికది ధర్మపురి జిల్లా. తెలుగు మాట్లాడే ఊళ్లు ఆ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. 1998లో కంపెనీ అమ్మేశాడు. అంటే పాత బతుకు పూర్తిగా వదిలింది బడి పెట్టాకే.

నాలుగేళ్ల వయసులో పిల్లల్ని తీసుకుంటారు. దళితులు, వెనకబడిన కులాలవాళ్లే ఎక్కువ. తిండి, బట్ట, వైద్యం, ఇంగ్లీషు చదువు, ఆ తర్వాత కాలేజీ ఫీజులు, అన్నీ బడివే. ఇది చిన్న సంగతి కాదు. హాస్టల్లో నీళ్లచారు తాగి పదోతరగతి గట్టెక్కినవాళ్లకి ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ ఒక షరతుంది. ఇంటికి ఒక్క బిడ్డే. ఎక్కువ కుటుంబాలకు అందాలన్నది వాళ్ల వాదన. చదివిన బిడ్డ సంపాదించి మిగతావాళ్లని పైకి తేవాలి. వినడానికి బాగానే ఉంటుంది. తోడబుట్టినవాళ్లు ఊరి బడిలోనో కూలిపనిలోనో ఉంటే, ఇంటి అప్పంతా నాలుగేళ్ల పిల్ల పేర రాసినట్టే కదా! 2017లో వచ్చిన 'డాటర్స్ ఆఫ్ డెస్టినీ' డాక్యుమెంటరీలో ఆడపిల్లల మీద ఆ బరువు కళ్లకు కడుతుంది.

2008లో మార్కెట్ కూలింది. అప్పటిదాకా ప్రధానంగా జార్జ్ సొంత డబ్బుతో నడిచిన బడి బయటి దాతల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. అమెరికాలో ఇళ్ల అప్పులు మునిగితే హోసూరు కూలోళ్ల పిల్లల చదువు ఊగిసలాడింది. ఇక్కడ చదివినవాళ్లలో కొందరు తర్వాత గోల్డ్‌మన్ శాక్స్‌లో ఉద్యోగాలకు కుదరడం మరో విడ్డూరం.

హైదరాబాదులో 1910 నుంచి భాగ్యరెడ్డి వర్మ నడిపిన బడులు ఇట్లాంటివి కావు. పేదవే, కానీ మనవాళ్లు మన వాడల్లో నడుపుకున్నవి. 1987లో ఏర్పడిన మన సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీకి లోటుపాట్లు బోలెడు. అయినా అక్కడ సీటు కోసం, అన్నం కోసం కలెక్టరాఫీసు ముందు కూర్చున్న విద్యార్థి సంఘాలున్నాయి. శాంతి భవన్‌లో సీటు రాని చెల్లెలు ఎవరి ఆఫీసు ముందు కూర్చోవాలి?