తెర వెనుక సగం బొమ్మ

1858లో ఎడిన్‌బరో ప్రదర్శనకు వెళ్లినవాళ్లకు అక్కడున్న పెద్ద ఫొటోల్లో ఒకదాని కుడి సగమే కనిపించింది. ఎడమ సగానికి తెర కట్టేశారు. తెర వెనక ఉన్నది జూదం, మద్యం, అరకొర బట్టల ఆడవాళ్లు. బయట ఉన్నది చదువు, భక్తి, చెమటోడ్చే జనం. మంచిదారి చూసి వెళ్లండి, రెండోదాని సంగతి మీకెందుకు అన్నట్టుంది నిర్వాహకుల ధోరణి. తమాషా ఏమిటంటే, ఆ ఫొటో తయారైందే ఒకచోట కప్పి ఇంకొకచోట చూపించే పద్ధతిలో. దాన్ని మళ్లీ కప్పారు!

ఆ బొమ్మ పేరు ‘టూ వేస్ ఆఫ్ లైఫ్’. తీసినవాడు ఆస్కార్ రేలాండర్. పుట్టింది స్వీడన్‌లో, స్టూడియో పెట్టింది ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్‌లో. 1857లో మాంచెస్టర్ కళాప్రదర్శనలో దాన్ని మొదట చూపించాడు. ఒక ముని, ఆయనకు చెరోపక్క ఒక యువకుడు, చుట్టూ రెండు రకాల లోకాలు. అంతమందిని ఒకేచోట నిలబెట్టి ఒక్క దెబ్బన తీయడం అప్పటి కెమెరాకు శక్యం కాని పని. అందుకని కొద్దిమంది చొప్పున విడివిడిగా తీశాడు. మొత్తం 30కి పైగా నెగెటివ్‌లయ్యాయి.

అసలు పని ఆ తర్వాతే. ఒక నెగెటివ్‌ను కాగితం మీద దాని చోట పెట్టాలి. మిగతా కాగితమంతా వెలుతురు సోకకుండా కప్పాలి. ఎండలో పెట్టి ఆ ముక్క అచ్చు పడేదాకా కాచుకోవాలి. తర్వాత రెండోది, మూడోది... ఇరవై తొమ్మిదోది కాస్త జారిందా, కథ మొదటికే. పైగా ఇంగ్లండ్ ఎండను నమ్ముకుని! దాదాపు ఆరు వారాలు పట్టింది. విక్టోరియా రాణి ఒక ప్రతి కొని భర్త ఆల్బర్ట్‌కు కానుకగా ఇచ్చింది. రాజభవనంలో చెల్లిన బొమ్మకు ఎడిన్‌బరోలో తెర పడింది.

ఈ కప్పే విద్యకు రేలాండర్ ఆద్యుడేమీ కాదు. దాని అవసరం ఆకాశం దగ్గర మొదలైంది. అప్పటి కొలోడియన్ గాజు పలకలు నీలి కాంతికి అతిగా స్పందించేవి. సముద్రం సరిగ్గా పడేదాకా ఆగితే ఆకాశం సున్నం కొట్టిన గోడలా తేలేది. ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే 1856-57 ప్రాంతంలో అలలకొక నెగెటివ్, మబ్బులకొకటి తీసి, నీళ్లూ నింగీ కలిసే గీత దగ్గర రెంటినీ అతికాడు. అతుకు వేయడానికి అంతకంటే తిన్నని చోటు దొరకదు. మనిషి తలవెంట్రుకల దగ్గరైతే ఆయనేం చేసేవాడో!

సినిమా పుట్టగానే ఈ విద్య అందులోకీ నడిచి వెళ్లింది. జార్జ్ మెలియెస్ 1898లోనే తన తలను మెడ మీంచి తీసి బల్ల మీద పెట్టి, ఇంకో తల తెచ్చుకున్నాడు. నల్లటి నేపథ్యం ఉన్నచోట ఫిల్మ్ మీద ఏమీ పడదు. ఆ ఖాళీలోకి ఫిల్మ్‌ను వెనక్కి తిప్పి మరో దృశ్యం నింపవచ్చు. కిటుకంతా అదే.

తెలుగు ప్రేక్షకుడు దీని ఫలాన్ని ద్విపాత్రాభినయంలో అనుభవించాడు. 1964లో వచ్చిన ‘రాముడు భీముడు’లో ఒకే ఎన్టీఆర్ ఇద్దరయ్యారు. ఫిల్మ్ రోజుల్లో ఇలాంటి సన్నివేశాలకు మామూలు పద్ధతి ఒకటుండేది. కెమెరాను కదలకుండా బిగించాలి. లెన్స్ ముందు సగానికి నల్ల అట్ట అడ్డుపెట్టి ఒక పాత్ర తీయాలి. నటుడు వేషం మార్చుకుని వచ్చాక, అదే ఫిల్మ్‌ను వెనక్కి తిప్పి, అట్టను రెండో సగానికి మార్చి ఇంకో పాత్ర తీయాలి. మధ్యలో కనిపించని గీత ఒకటి ఉంటుంది. చెయ్యి పొరపాటున ఆ గీత దాటిందా, తెర మీద మాయమే! అన్నదమ్ములు అంత పద్ధతిగా ఎవరి పక్కన వాళ్లు నిలబడి మాట్లాడుకోవడం వెనక ప్రేమ కంటే అట్ట ప్రభావమే ఎక్కువ.

అచ్చు పనిలో నల్ల అట్ట స్థానాన్ని ఎర్రటి పలచని ఫిల్మ్ తీసుకుంది. రూబీలిత్ అంటారు. కత్తితో కావలసిన ఆకారం కోసి, మిగతాది ఒలిచేసేవారు. అచ్చు ప్లేట్లకు వాడే ఫిల్మ్‌కు ఎరుపు కనిపించదు కాబట్టి దానికి ఎరుపూ నలుపూ ఒకటే. ఫొటోషాప్‌లో క్విక్ మాస్క్ నొక్కితే ఎంచుకోని భాగాన్ని ఎర్రటి పొర కమ్ముకునేది అందుకే. బొమ్మలో కొంత చోటును లేతగా చేసే డాడ్జ్, ముదురు చేసే బర్న్ పనిముట్ల గుర్తులూ డార్క్ రూమ్ నుంచి వచ్చినవే: ఒకటి పుల్లకు అంటించిన అట్టముక్క, రెండోది వెలుతురుకు అడ్డం పెట్టిన చెయ్యి. డార్క్ రూమ్ మొహం చూడని కుర్రాళ్లు కూడా రోజూ ఆ చెయ్యి మీదే క్లిక్ చేస్తున్నారు.

కప్పడం వేరు, చెరపడం వేరు. మాస్కో-వోల్గా కాలువ గట్టున స్టాలిన్ పక్కన నడుస్తున్న నికొలాయ్ యెజోవ్ ఫొటో ఒకటుంది. సోవియట్ రహస్య పోలీసుల అధిపతి ఆయన. పదవి పోయి, 1940లో మరణశిక్ష అమలయ్యాక, ఆ ఫొటోలో ఆయన నిలబడ్డచోట కాలువ నీళ్లు వచ్చి చేరాయి. మార్చకముందటి ప్రతి ఒకటి మిగలబట్టి గుట్టు బయటపడింది.

కంప్యూటర్‌లో కప్పే పనికి పునాది 1977లో పడింది. న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్‌మల్ కలిసి బొమ్మలోని ప్రతి చుక్కకూ ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల పక్కన నాలుగో అంకె చేర్చారు. ఆ చుక్క ఎంతవరకు కనిపించాలో చెప్పే అంకె అది. పేరు ఆల్ఫా. 1984లో లూకాస్‌ఫిల్మ్‌కు చెందిన థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఆ లెక్కలన్నిటికీ ఒక క్రమం కట్టారు. లూకాస్ సంస్థలోనే సినిమా ట్రిక్కులు చేసే జాన్ నోల్, మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న ఆయన అన్న థామస్ కలిసి తయారుచేసిందే ఫొటోషాప్. 1990లో బయటికొచ్చింది. బొమ్మలను ఒకదాని మీద ఒకటి పొరలుగా పేర్చే లేయర్లు 1994 నాటి మూడో వెర్షన్‌తో వచ్చాయి.

అప్పట్లో అన్‌డూ ఒక్క అడుగు మాత్రమే వెనక్కి వెళ్లేది. వరసగా వెనక్కి నడిచే హిస్టరీ 1998లో అయిదో వెర్షన్‌కు గానీ రాలేదు. ఎరేజర్‌తో చెవి అంచు చెరిపి, ఇంకో గీత గీశాక ‘అయ్యో’ అనుకుంటే చెవి పోయినట్టే. లేయర్ మాస్క్ విలువ అక్కడ తెలుస్తుంది. బొమ్మ మీద చెయ్యి పెట్టకుండా, దాని పక్కన ఉన్న ఇంకో నలుపు తెలుపు బొమ్మ మీద రంగు వేస్తారు. నలుపు పడ్డచోట లేయర్ మరుగవుతుంది, తెలుపు పడ్డచోట తిరిగొస్తుంది. నడుమ బూడిద రంగు ఉంది చూడండి, లె గ్రేకు లేని అదృష్టం అదే. నలుపు, తెలుపులతో కలిపి మామూలుగా 256 మెట్లు. వధువు ముంగురుల దగ్గర వెంట్రుకకొక మెట్టు సర్దవచ్చు.

పెళ్లి ఆల్బం డిజైనర్లకు ఇది రోజువారీ బతుకు. అమెరికా నుంచి రాలేకపోయిన మేనమామను గ్రూప్ ఫొటోలో మూడో వరసలో నిలబెట్టమంటారు. పంపిన ఫొటోలో ఆయన వెనక మంచు కురుస్తుంటుంది. మంచు మీద నల్ల బ్రష్ తిప్పి, భుజం అంచు మెత్తబరిచి, పట్టుచీరల మధ్య ఆయనకు చోటు చేస్తారు. నెల తిరక్కుండా పొలం విషయంలో మాటా మాటా పెరిగి, ఆ మనిషి మా ఆల్బంలో ఉండొద్దని కబురొస్తుంది. డిజైనర్ ఫైల్ తెరిచి మాస్క్ మొత్తం నల్లగా నింపేస్తాడు. లేయర్‌ను మాత్రం డిలీట్ చేయడు. సంక్రాంతికి వాళ్లంతా మళ్లీ ఒకటవుతారని అతనికి తెలుసు.