తుక్కు కాకుండా మిగిలిన మహాయంత్రాలు

ఒక గదినో, ఒక్కోసారి ఒక అంతస్తునో ఆక్రమించి కూర్చున్న పాతకాలపు మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లలో ఇవాళ మిగిలినవి చాలా తక్కువ. 1959లో వచ్చిన ఐబీఎం 1401 పన్నెండు వేలకు పైగా తయారైంది. అయినా నడిచే 1401ని చూడాలంటే ఇప్పుడు మ్యూజియానికి వెళ్లాల్సిందే. ఇంత నష్టానికి మొదటి కారణం అద్దె. ఆ రోజుల్లో చాలా సంస్థలు కంప్యూటరును కొనేవి కావు, నెలకింత అని అద్దెకు తీసుకునేవి. గడువు తీరితే యంత్రం కంపెనీకి తిరిగి వెళ్లేది, అక్కడినుంచి ఎక్కువసార్లు తుక్కులోకి. కొనుక్కున్నవాళ్ల దగ్గరైనా దాని బరువు, అది తాగే కరెంటు, అది తినే చోటు చూసి ఉంచుకునే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. లోపలి కనెక్టర్లకు బంగారు పూత ఉండటంతో తుక్కు వ్యాపారికి మాత్రం అది మంచి బేరం.

మరి మిగిలినవి ఎలా మిగిలాయి? వాటి చరిత్ర వరసగా చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. పేరు మోసిన యంత్రాలకన్నా చేతులు మారిన యంత్రాలే ఎక్కువ బతికాయి. ఒకచోట పని అయిపోయాక ఇంకొకరి అవసరానికి ఊరు మారిన యంత్రాన్ని కొత్తవాళ్లు విప్పి, బిగించి, అర్థం చేసుకోవాల్సి వచ్చింది. ఆ అవసరమే దానికి ఆయుష్షు పోసింది.

మొదటి ఉదాహరణ యుద్ధకాలపు జర్మనీలో దొరుకుతుంది. కోన్రాడ్ త్సూజే కట్టిన జెడ్3 యంత్రం 1943 నాటి బాంబుదాడిలో బెర్లిన్‌లో నాశనమైంది. తర్వాతి యంత్రం జెడ్4కు అదే గతి పట్టకూడదని 1945లో దాన్ని నగరం దాటించారు. గోటింగెన్ మీదుగా బవేరియా కొండప్రాంతపు పల్లెకు చేర్చి దాచారు. యుద్ధం ముగిశాక, 1950లో, జూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయం దాన్ని అద్దెకు తీసుకుంది. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో కొన్నాళ్లు పనిచేసి, చివరకు మ్యూనిక్‌లోని డాయిష్ మ్యూజియం చేరింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

అమెరికాలోని ఎనియాక్‌ది ఇంకో దారి. సుమారు 30 టన్నుల బరువు, దాదాపు 18 వేల వాల్వులు ఉన్న ఈ యంత్రాన్ని ఫిలడెల్ఫియా నుంచి అబర్డీన్ సైనిక ప్రాంగణానికి తరలించి మళ్లీ నడిపించారు. కానీ 1955 అక్టోబరు 2న ఆపేశాక దాన్ని యంత్రంగా అడిగినవాళ్లు లేరు. ప్యానెళ్లు విడివిడిగా వేర్వేరు మ్యూజియాలకు, విశ్వవిద్యాలయాలకు చెదిరిపోయాయి. అంతటి పేరున్న యంత్రం నుంచి మిగిలింది భాగాలే. ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఏసీకి ఈ అవస్థ రాలేదు. 1949లో సిడ్నీలో మొదలైన ఆ యంత్రాన్ని 1955లో మెల్‌బోర్న్‌కు చేర్చారు. అక్కడి విశ్వవిద్యాలయం దాన్ని 1964 దాకా నడిపి, ఆపేశాక విప్పి అమ్మకుండా మ్యూజియానికి అప్పగించింది. చెక్కుచెదరకుండా మిగిలిన తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో అన్నిటికన్నా పాతది అదే. అయితే దాన్ని మళ్లీ నడపరు. నడపాలంటే అసలు భాగాలు తీసి కొత్తవి వేయాలి. అప్పుడు సాక్ష్యంగా దాని విలువ తగ్గుతుంది.

ఉన్నదున్నట్టు ఉంచాలా, మళ్లీ నడిపించాలా అన్న ఈ తర్జనభర్జన 1980ల చివర గట్టిపడింది. 1989లో బ్రిటిష్ కంప్యూటర్ సొసైటీ, లండన్ సైన్స్ మ్యూజియం కలిసి కంప్యూటర్ కన్జర్వేషన్ సొసైటీని స్థాపించాయి. పాత యంత్రాలను కట్టినవాళ్లు, మరమ్మతు చేసినవాళ్లు బతికుండగానే వాటిని నడిచే స్థితికి తేవాలన్నది దాని ఆలోచన. ఫెరాంటి పెగాసస్ వంటి యంత్రాలు ఆ ఒరవడిలోనే మళ్లీ నడిచాయి. సంస్థాపకుల్లో ఒకరైన టోనీ సేల్ 1993లో మరో సాహసానికి దిగారు. యుద్ధం తర్వాత ముక్కలు చేసిన రహస్య యంత్రం కొలాసస్‌ను, మిగిలిన కొద్ది ఫొటోలు, పాత ఇంజనీర్ల జ్ఞాపకాల ఆధారంగా, బ్లెచ్లీ పార్కులో తిరిగి నిర్మించారు.

అసలు యంత్రమే మిగిలిన కథల్లో చెప్పుకోదగ్గది హార్వెల్ డెకాట్రాన్‌ది. బ్రిటన్ అణుశక్తి పరిశోధన కేంద్రం హార్వెల్‌లో 1951లో ఇది పని ప్రారంభించింది. రెండున్నర టన్నుల బరువు, అంకెలను లెక్కించే 828 డెకాట్రాన్ గొట్టాలు, 480 రిలేలు. ఒక గుణకారానికి కొన్ని సెకన్లు పట్టేది. చేతి లెక్కల యంత్రం పట్టుకుని దీనితో పోటీపడ్డ మనిషి అరగంట సేపు దానికి సాటిరాగలిగాడు. ఆ తర్వాత మనిషి అలసిపోయాడు, యంత్రం మాత్రం నడుస్తూనే ఉంది. వేగం లేకపోయినా విసుగు లేకుండా పనిచేయడమే దాని గొప్ప.

హార్వెల్‌కు వేగవంతమైన యంత్రాలు వచ్చాక దీన్ని పారేయలేదు. ఎవరు బాగా ఉపయోగిస్తారో చెప్పమని 1957లో కాలేజీల మధ్య పోటీ పెట్టి, గెలిచిన వుల్వర్‌హాంప్టన్ టెక్నికల్ కాలేజీకి ఇచ్చారు. అక్కడ విద్యార్థులు దీని మీద ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. ‘విచ్’ అన్న ముద్దుపేరూ అక్కడే వచ్చింది. 1973లో ఆపేశాక బర్మింగ్‌హామ్ సైన్స్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. 1997లో ఆ మ్యూజియం మూతపడటంతో విప్పి గోదాములో వేశారు. 2008లో గోదాము ఫొటో ఒకటి చూస్తున్న, పాత కంప్యూటర్ల సంరక్షణలో పనిచేసే కెవిన్ మరెల్ కంటికి దాని నియంత్రణ ప్యానెల్ కనబడింది. మరుసటి ఏడాది అరలన్నీ బ్లెచ్లీ పార్కులోని నేషనల్ మ్యూజియం ఆఫ్ కంప్యూటింగ్ చేరాయి. మూడేళ్లపాటు, సందర్శకుల కళ్లెదుటే, స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని బాగుచేశారు. 2012 నవంబరు 20న అది మళ్లీ నడిచింది. అసలు భాగాలతోనే పనిచేస్తున్న డిజిటల్ కంప్యూటర్లలో లోకంలో అన్నిటికన్నా పాతది ఇదే.

కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో నడిచే రెండు ఐబీఎం 1401లూ ఇలా రెండో చేతిలో బతికినవే. ఒకటి జర్మనీ నుంచి ఓడలో వచ్చింది. రెండోది కనెటికట్ రాష్ట్రంలో ఒక ఇంటి బేస్‌మెంటులో ఉండేది. అక్కడ ఒక కుటుంబం 1990ల దాకా దాని మీదే క్లబ్బుల బిల్లులు వేసింది. పెద్ద కంపెనీలు ఎప్పుడో వదిలించుకున్న యంత్రాన్ని చిన్న వ్యాపారులు వదలకుండా పట్టుకోబట్టే మ్యూజియానికి రెండు దొరికాయి. జర్మనీ యంత్రం 50 హెర్ట్జ్ కరెంటుకు తయారైంది, అమెరికాది 60 హెర్ట్జ్. అందుకని జర్మనీ యంత్రానికి వేరే కన్వర్టరు పెట్టాల్సి వచ్చింది. బాగుచేసినవాళ్లలో చాలామంది ఒకప్పుడు ఇవే యంత్రాలకు సర్వీసు చేసి రిటైరైన ఐబీఎం ఇంజనీర్లు.

ఈ తరలింపుల అనుభవంతో కాలక్రమంలో ఒక పద్ధతి స్థిరపడింది. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని తప్పించినప్పుడు రాయి రాయికీ నంబరు వేసి అలంపురంలో మళ్లీ పేర్చారు. కంప్యూటరుకూ అంతే. మెయిన్‌ఫ్రేమ్ ఒక్క పెట్టె కాదు. ప్రాసెసరు, మెమరీ, టేపు డ్రైవులు, కార్డు రీడరు, ప్రింటరు వేర్వేరు అరలు. వాటిని కలిపే లావుపాటి కేబుళ్లు ఎత్తు ఫ్లోరింగు కింద పరుచుకుని ఉంటాయి. తొందరలో వాటిని కోసేస్తే యంత్రం సగం పోయినట్టే. కాబట్టి ముందు ఫొటోలు తీస్తారు, ప్రతి కేబులుకూ రెండు కొసల్లో గుర్తు కడతారు, ఆ తర్వాతే విప్పుతారు. డిస్కు హెడ్లు కదలకుండా బిగిస్తారు. గది తలుపుల వెడల్పు, లిఫ్టు మోయగల బరువు, నేల బలం ముందే కొలుస్తారు. కొన్ని యంత్రాల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, పాత కెపాసిటర్లలో విషపూరిత నూనె ఉంటుంది. వాటిని కాగితాలు రాసి విడిగా తీసేయాలి.

గమ్యం చేరాక స్విచ్ వేయాలన్న ఆత్రమే పెద్ద శత్రువు. ఏళ్లతరబడి వాడని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇస్తే పేలిపోతాయి. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. పవర్ సప్లయ్‌లను యంత్రం నుంచి విడదీసి, వేరే లోడు మీద పరీక్షించాకే లోపలి బోర్డులకు కలుపుతారు. ఆ తర్వాత ఒక్కో బోర్డు, ఒక్కో ట్రాన్సిస్టరు. సర్క్యూట్ డ్రాయింగులు లేకపోతే ఈ పని ఏళ్లకు ఏళ్లు పడుతుంది.

బతికించడంతో కథ అయిపోదు. సియాటిల్‌లో మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ ఆలెన్ పెట్టిన లివింగ్ కంప్యూటర్స్ మ్యూజియం పర్‌డ్యూ విశ్వవిద్యాలయం ఒకప్పుడు వాడిన సీడీసీ 6500 యంత్రాన్ని తెచ్చి నడిపింది. ఆలెన్ 2018లో చనిపోయారు, మ్యూజియం 2020లో తలుపులు మూసింది, 2024లో సేకరణలో కొంత భాగం వేలానికి వచ్చింది. ఎంత డబ్బు పెట్టినా, ఆ డబ్బు వెనకున్న మనిషి పోతే యంత్రం మళ్లీ మరో చేతికి మారాల్సిందే.

మన దేశానికి ఈ చరిత్రతో సంబంధం ఉంది. 1955లో కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థకు ఇంగ్లండు నుంచి వచ్చిన హెచ్ఈసీ-2ఎం భారతదేశపు మొదటి డిజిటల్ కంప్యూటరు. దాని పూర్వరూపం హెచ్ఈసీ-1 చాలాకాలం భద్రంగా ఉన్నది ‘విచ్’ను దాచిన ఆ బర్మింగ్‌హామ్ సేకరణలోనే. విదేశాల్లో వాడేసిన 1401లను ఐబీఎం బొంబాయి కర్మాగారంలో బాగుచేసి మన సంస్థలకు అద్దెకిచ్చేది. పాత సరుకు అంటగడుతోందన్న ఫిర్యాదు అప్పుడే ఉండేది. 1978లో ఐబీఎం దేశం విడిచాక ఆ యంత్రాల ఆలనాపాలనా ప్రభుత్వ సంస్థ సీఎంసీకి వచ్చింది. తర్వాత సీఎంసీకి హైదరాబాదు ఒక పెద్ద కేంద్రమైంది. కాలిఫోర్నియాలో రిటైరైన ఇంజనీర్లు ఇష్టంకొద్దీ చేస్తున్న పనిని ఇక్కడివాళ్లు ఉద్యోగంగా, స్పేర్‌పార్టుల కరువులో చేశారు. హైదరాబాదులోనే 1967లో మొదలైన ఈసీఐఎల్ టీడీసీ-12, టీడీసీ-316 యంత్రాలను తయారుచేసి దేశమంతటా పంపింది.

ఆ తరం ఇంజనీర్లకు ఇప్పుడు డెబ్బై దాటింది. వాళ్ల సర్వీసు నోటుపుస్తకాలు, డ్రాయింగులు ఇళ్లలో అటకల మీద ఉంటే ఉండవచ్చు, వాటిని అడిగి తీసుకోవడానికి పెద్ద ఖర్చు కాదు. రేపు ఏ కాలేజీ స్టోర్‌రూములోనో పాత టీడీసీ ఒకటి బయటపడితే, లారీ మాట్లాడే ముందు దాన్ని నడిపినవాళ్లకు కబురు చేయాలి.