కండక్టర్‌కు డాక్టరేటు

కండక్టర్ అనగానే మన మనసులో మెదిలేది ఆర్టీసీ బస్సు, తోలు సంచీ, టికెట్ల కట్ట. అందుకే అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల "క్వయర్ కండక్టింగులో డాక్టరేటుకి అప్లై చేస్తాను" అంటే ఇంట్లో పెద్దవాళ్లు తెల్లమొహం వేస్తారు. పాట పాడటంలో పట్టా అంటే అర్థమవుతుంది. వీణలోనో వయొలిన్‌లోనో అన్నా సరే. తను నోరు విప్పకుండా, వాయిద్యం పట్టకుండా చేతులు ఊపేవాళ్లకు డాక్టరేటేమిటి?

సియాటిల్ పక్కన ఉన్న మా బాతెల్‌లో ఇది ఊహకందని ప్రశ్నేమీ కాదు. ఇక్కడి బళ్లలో క్వయర్ కూడా ఒక సబ్జెక్టే. మన పిల్లలు పగలు బళ్లో నాలుగు స్వరపంక్తుల పాట పాడి, సాయంత్రం గురువుగారి దగ్గర సరళీ వరసలు పాడుకుంటారు. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌కి 1990 నుంచి బాతెల్‌లో ఒక శాఖ ఉంది. క్వయర్ కండక్టింగులో డాక్టరేటు ఇచ్చేది మాత్రం సియాటిల్‌లోని సంగీత విభాగం. అంటే ఈ చదువు ఇంటికి దగ్గర్లోనే ఉంది. దాని వెనక ఉన్న కథే మనకు దూరం.

బృందగానం మనకు కొత్త కాదు. పదమూడో శతాబ్దంలో దేవగిరిలో శార్ఙ్గదేవుడు రాసిన 'సంగీత రత్నాకరం'లో బృందానికి లెక్కలు కూడా ఉన్నాయి. ఉత్తమ బృందం అంటే ముఖ్య గాయకులు నలుగురు, వారితో గొంతు కలిపేవారు ఎనిమిదిమంది, గాయనులు పన్నెండుమంది, వేణువులు నాలుగు, మద్దెలలు నాలుగు. మొత్తం 32 మంది. అంతకు మించితే దాని పేరు కోలాహలం. పెళ్లిళ్లలో మనం వాడే మాట శాస్త్రంలో ఒక బృందం పేరన్నమాట! ఈ గ్రంథానికి వ్యాఖ్యానం రాసినవారిలో ఒకరు మన రాచకొండ రాజు సింగభూపాలుడు.

లెక్కలకంటే విలువైనవి శార్ఙ్గదేవుడు చెప్పిన ఆరు గుణాలు. ముఖ్య గాయకుణ్ణి అనుసరించడం, ఒకరిలో ఒకరు కలిసిపోవడం, తాళాన్ని వదలకపోవడం, ఒకరు తప్పితే మరొకరు సర్దుకోవడం, మూడు స్థాయిల్లోనూ పాడగలగడం, గొంతులన్నీ ఒకే తీరుగా వినిపించడం. ఈనాటి క్వయర్ మాస్టర్ రిహార్సల్లో గంటలకొద్దీ చేయించేది దాదాపు ఇదే. తేడా ఒక్కటే. అక్కడ నాయకుడు బృందం లోపల ఉండి తానూ పాడతాడు. తిరువయ్యారులో 1940 ప్రాంతం నుంచి సాగుతున్న పంచరత్న గోష్ఠిగానం ఈనాటికీ అలాంటిదే. ముందు వరసలోని విద్వాంసుల గొంతునూ, తాళం వేసే చేతినీ పట్టుకుని వెనకవాళ్లు నడుస్తారు. పాట అందరికీ కంఠస్థం, పాడేది ఒకటే స్వరపంక్తి. ఎదురుగా నిలబడి నడిపించే మనిషి అవసరం రాలేదు.

పాశ్చాత్యులకు ఆ అవసరం వచ్చింది, ఎందుకంటే వాళ్ల పాట ఒకేసారి నాలుగైదు దారుల్లో నడుస్తుంది. అక్కడ కూడా కండక్టర్ ఒక్కరోజులో పుట్టలేదు. 1687లో లల్లీ అనే ఫ్రెంచి సంగీతకారుడు పొడవాటి కర్రతో నేల మీద కొడుతూ తాళం వేస్తుండగా ఆ కర్ర కాలికి తగిలింది. పుండు కుళ్లి చనిపోయాడు. నేలకు కొట్టే కర్ర పోయి గాలిలో కదిలే చిన్న బెత్తం స్థిరపడేసరికి పంతొమ్మిదో శతాబ్దం వచ్చింది.

ఇక డాక్టరేటు సంగతి. సంగీతంలో అమెరికా ఇచ్చిన మొదటి పీహెచ్‌డీ 1905 నాటిది, హార్వర్డ్‌లో. అది పరిశోధనకు ఇచ్చే పట్టా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాలేజీలు పెరిగాయి, వాటిలో క్వయర్లూ పెరిగాయి. ప్రొఫెసర్ ఉద్యోగానికి డాక్టరేటు అడగడం మొదలైంది. పాడించడంలో ఆరితేరినవాడు తన పనిని గ్రంథంగా రాసి నిరూపించాలా? అక్కర్లేదు, కళాకారులకు వేరే డాక్టరేటు కావాలని ఈస్ట్‌మన్ సంగీత విద్యాలయం అధిపతి హోవర్డ్ హాన్సన్ లాంటివారు పట్టుబట్టారు. అలా 1950లలో డాక్టర్ ఆఫ్ మ్యూజికల్ ఆర్ట్స్ పుట్టింది. 1957లో ఇల్లినాయ్ యూనివర్సిటీకి వచ్చిన హెరాల్డ్ డెకర్ క్వయర్ కండక్టింగులో ఈ పట్టాకు బాట వేసినవారిలో ముఖ్యుడు. తమాషా ఏమిటంటే, అమెరికా క్వయర్ సంగీతానికి పెద్దదిక్కైన రాబర్ట్ షా కాలేజీలో చదివిన సబ్జెక్టు సంగీతం కాదు. ఆయన ఇలాంటి అప్లికేషను పెట్టకుండానే 1941లో న్యూయార్కులో కొలీజియేట్ కొరాల్ స్థాపించాడు.

ఇప్పుడు అప్లై చేసేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. మామూలుగా మాస్టర్స్ డిగ్రీ కావాలి. సిఫారసు లేఖలు, పాడించిన కృతుల జాబితా, ఇవన్నీ ఒక ఎత్తు. వీడియో ఒక ఎత్తు. కెమెరా గాయకుల వైపు కాదు, కండక్టర్ ముఖం వైపు ఉండాలి. కచేరీ ఒక్కటే చాలదు, రిహార్సల్ కూడా చూపించాలి. తప్పు ఎక్కడుందో చెవి పట్టుకుందా, దాన్ని రెండు మాటల్లో సరిచేయగలిగిందా అన్నది అక్కడే తెలుస్తుంది. ఆ గడప దాటితే యూనివర్సిటీ క్వయర్ ముందు నిలబెట్టి, ముక్కూమొహం తెలియని గాయకుల చేత కొద్ది నిమిషాల్లో పాడించమంటారు. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. చిక్కేమిటంటే, అప్లై చేయడానికే ముందు ఒక క్వయర్ చేతిలో ఉండాలి. వయొలిన్ విద్యార్థి గదిలో తలుపేసుకుని సాధన చేసుకోవచ్చు. ఈ విద్యార్థి వాయిద్యం ముప్పైమంది మనుషులు.

మన దగ్గర ఈ వాయిద్యాన్ని చేపట్టినవారు తక్కువ. వారిలో చిత్తూరులో 1925లో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ ఒకరు. మలయాళ సినిమా సంగీత దర్శకుడిగా పేరు తెచ్చుకున్న ఈయన 1970ల మొదట్లో మద్రాస్ యూత్ క్వయర్ పెట్టి, పలు భారతీయ భాషల పాటలకు స్వరపంక్తులు కట్టి యువతీయువకుల చేత పాడించారు. 1988లో పోయారు. మన రాగానికి పక్కన మరో పంక్తి నిలబడితే గమకం ఏమవుతుంది, ముప్పై గొంతులు ఒకే గమకాన్ని ఎలా పలకాలి అన్న ప్రశ్నలు ఆయన పని చేస్తూ ఎదుర్కొన్నవి. వాటికి తెలుగులో పాఠ్యపుస్తకమంటూ ఒకటి నా కంటపడలేదు.

అందుకే ఆ అప్లికేషను చిన్న విషయంగా నాకు తోచదు. తెల్లమొహం వేసిన పెద్దవాళ్లకు భయం ఉండటం సహజమే. ఉద్యోగాలు కొద్ది, చదువు ఏళ్ల తరబడి సాగుతుంది. కానీ సరళీ వరసలూ, నాలుగు పంక్తుల పాటా రెండూ ఒంటబట్టిన పిల్లలు మనకు ఇంతకుముందు ఇంతమంది లేరు. శార్ఙ్గదేవుడి ఆరు గుణాలు తెలిసి, ఎదురుగా నిలబడి పాడించడమూ తెలిసిన మనిషి కావాలంటే ఇలాంటి పిల్లల్లోంచే రావాలి. "ఉద్యోగం వస్తుందా?" అన్న ప్రశ్న అడగాల్సిందే. దానితోపాటు "ఏం పాడిస్తావు?" అని కూడా ఒకసారి అడిగితే బాగుంటుంది.