కనిపించని అక్షరం

శాస్త్రానికి ఉన్నదున్నట్టుగా అర్థం చెబుతున్నామనే వాళ్ళను మొదట ఒక ప్రశ్న అడగాలి. ఇంతకూ ఉన్నదేమిటి?

పరాశరస్మృతి నాలుగో అధ్యాయంలో ఒక శ్లోకం ఉంది. భర్త కనిపించకుండా పోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా స్త్రీ మరొక భర్తను పొందవచ్చునని దాని సూటి అర్థం. కలియుగానికి పరాశరుడే ప్రమాణమని కూడా ఆ స్మృతే చెప్పుకుంది. 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ వితంతు వివాహం శాస్త్రసమ్మతమని వాదించింది ఈ ఆధారాలతోనే.

దీనికి ఛాందస పండితుల దగ్గర జవాబు లేకపోలేదు. శ్లోకంలోని ‘పతౌ’ అనే రూపం వ్యాకరణరీత్యా ‘పత్యౌ’ అని ఉండాలి. అలా లేదు గనుక సంధిలో ఒక అకారం లోపించిందనీ, అసలు పదం ‘అపతౌ’ అనీ కొందరన్నారు. అంటే పెళ్ళి నిశ్చయమై, ఇంకా భర్త కానివాడు పోతేనే ఈ అనుమతి! పద్నాలుగో శతాబ్దపు విజయనగర వ్యాఖ్యాత మాధవాచార్యుడిది మరో దారి. ఈ పునర్వివాహం వేరే యుగాలకు చెందిందని ఆయన తేల్చాడు. అక్షరాన్ని దాటబోమన్నవాళ్ళే కనిపించని అక్షరాన్ని కనిపెట్టారు. కనిపిస్తున్న శ్లోకాన్ని మరో యుగానికి పంపేశారు.

ఇది కేవలం వ్యాకరణ వివాదం కాదు. 1856 జులైలో వచ్చిన వితంతు వివాహ చట్టం మళ్ళీ పెళ్ళాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిపై ఉన్న హక్కును తీసివేసింది. శ్లోకం వెనుక ఆస్తి ఉంది, కులం ఉంది. శ్రమజీవుల కులాలు అనేకం ఏ శ్లోకాన్నీ అడగకుండానే మారుమనువు చేసుకుంటూ వచ్చాయి.

కందుకూరి వీరేశలింగం కూడా పరాశరుణ్ణి ఆశ్రయించక తప్పలేదు. 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించడం వెనుక ఆయన సాహసం గొప్పది. కానీ ఆ ఆయుధానికి రెండువైపులా పదును ఉంది. అదే స్మృతి వెంటనే వచ్చే శ్లోకాల్లో బ్రహ్మచర్యం పాటించే వితంతువును పొగిడింది, సహగమనాన్ని అంతకంటే ఎక్కువ పొగిడింది. ఒక శ్లోకం అక్షరసత్యమైతే తక్కినవి ఎందుకు కావు?

కనుక ప్రాచీన గ్రంథాన్ని ఆజ్ఞగా కాక సాక్ష్యంగా చదవాలి. పునర్వివాహాన్ని అంగీకరించిన సమాజం ఒకప్పుడు ఉండేదనడానికి ఆ శ్లోకం సాక్ష్యం. ఆ అంగీకారం తరువాత కరిగిపోయిందనడానికి వ్యాఖ్యానం సాక్ష్యం. ఈ రెంటి మధ్య ఏం మారిందో, ఎవరి ప్రయోజనం కోసం మారిందో వెతకడమే చరిత్రకారుడి పని, రచయిత పని కూడా. పసితనంలోనే భర్తను పోగొట్టుకున్న పిల్ల బతకడానికి ఒక అకారం ఉందా లేదా అన్న తీర్పు అవసరం కాకూడదు.