కూర్చున్న చోటే నగర ప్రదక్షిణ

భోజనం ముగిసేలోగా కుర్చీ నుంచి లేవకుండానే నగరమంతటినీ చూసే వీలు కల్పించేవి పరిభ్రమించే రెస్టారెంట్లు. జర్మనీలోని డార్ట్‌మండ్‌లో 1959లో ప్రారంభమైన ఫ్లోరియన్ టవర్‌పై ఏర్పాటైన రెస్టారెంటు వీటిలో తొలితరానికి చెందినది. 1962 ప్రపంచ ప్రదర్శన కోసం అమెరికాలోని సియాటిల్‌లో నిర్మించిన స్పేస్ నీడిల్‌తో ఈ విధానానికి విశేష ప్రాచుర్యం లభించింది.

భవనం మొత్తం తిరుగుతుందన్నది అపోహ మాత్రమే. వంటశాల, లిఫ్టులు ఉండే మధ్యభాగం, వెలుపలి అద్దాల గోడ స్థిరంగా ఉంటాయి. వాటి నడుమ బల్లలు వేసిన వలయాకారపు అంతస్తు చక్రాలపై మెల్లగా కదులుతుంది. ఇందుకు పెద్ద యంత్రాలేవీ అవసరం లేదు. స్పేస్ నీడిల్‌లో తొలుత అమర్చినది 1 హార్స్‌పవర్ మోటారే. పొలాల్లో వాడే 5 హార్స్‌పవర్ మోటారులో ఇది ఐదో వంతు.

కెనడాలోని టొరంటోలో 1976లో ప్రారంభమైన సీఎన్ టవర్‌పై 351 మీటర్ల ఎత్తున ఉన్న రెస్టారెంటు ఒక చుట్టు తిరగడానికి 72 నిమిషాలు పడుతుంది. ఈ వ్యవధిలో నగర సౌధాలు, ఒంటారియో సరస్సు వరుసగా కనువిందు చేస్తాయి.

వేగం స్వల్పమే అయినా అప్రమత్తత తప్పనిసరి. 2017 ఏప్రిల్‌లో అమెరికాలోని అట్లాంటాలో ఇటువంటి రెస్టారెంటులోనే, కదిలే భాగానికీ స్థిరమైన గోడకూ మధ్య చిక్కుకొని ఐదేళ్ల బాలుడు ప్రాణాలు కోల్పోయాడు. పిల్లలను అద్దాల గోడ వైపు వెళ్లనీయక పెద్దలు తమ పక్కనే కూర్చోబెట్టుకోవాలి. కిటికీ గట్టుపై చేతిసంచులు ఉంచరాదు. గట్టు కదలదు, బల్ల మాత్రం ముందుకు సాగిపోతుంది.