కొలువు పోయిన పండితుడు

1926 శరదృతువు. ఉత్తర ఇటలీలోని బోర్గో సాన్ మార్టీనోలో సలేసియన్ ఫాదరీల విద్యాలయానికి మరమ్మతులు చేయించాలి. చేతిలో డబ్బు లేదు. ఎవరో దాత వదిలిపోయిన పాత సంగీత ప్రతులు అమ్మితే ఎంతొస్తుందో చెప్పమని ట్యూరిన్ జాతీయ గ్రంథాలయానికి కబురంపారు. డైరెక్టర్ లుయీజీ తోర్రి ఆ పని విశ్వవిద్యాలయంలో సంగీత చరిత్ర బోధించే అల్బెర్టో జెంటిలీకి అప్పగించారు.

పెట్టెలు తెరిచినప్పుడు జెంటిలీ గుండె ఎలా కొట్టుకుందో ఊహించుకోవచ్చు. తొందరతొందరగా సాగిన స్వరలిపి, అక్కడక్కడా కొట్టివేతలు. 14 సంపుటాల నిండా వివాల్డి! 1741లో వియన్నాలో పేదరికంలో పోయిన ఆ వెనిస్ స్వరకర్త, అప్పటికి లోకం దృష్టిలో జర్మన్ స్వరకర్త బాహ్‌కు నచ్చిన కొన్ని కాన్‌చెర్టోల (వాద్య రచనల) కర్త మాత్రమే. ఆయన ఒపేరాలు రాశాడన్న సంగతే జనం మరిచిపోయారు. అవి ఇక్కడ, ఆయన సొంత దస్తూరీలో ఉన్నాయి.

గ్రంథాలయానికి కొనే స్తోమత లేదు. గుట్టు బయటికి పొక్కితే వ్యాపారులు తలా కాస్తా తన్నుకుపోతారు. జెంటిలీ స్టాక్ బ్రోకర్ రొబెర్తో ఫోఆను కదిలించారు. పొత్తిళ్లలోనే పోయిన కొడుకు మౌరో పేరు మీద ఆయన 1927లో ఆ ప్రతులు కొని గ్రంథాలయానికిచ్చారు.

జెంటిలీకి నిద్ర పట్టి ఉండదు. సంపుటాల వరుస మధ్యమధ్య తెగిపోతోంది. అంటే ఇది సగమే! మిగతా సగం జెనోవాలో, ఆ దాత కుటుంబానికే చెందిన ఒక దురాత్సో వంశీకుడి దగ్గర ఉందని తేలింది. ఆ పెద్దాయనను ఒప్పించడానికి ఏళ్లు పట్టింది. ఈసారి డబ్బిచ్చింది బట్టల మిల్లు యజమాని ఫిలిప్పో జోర్డానో. ఆయనకీ పుత్రశోకమే, నాలుగేళ్ల రెంజో. 1930లో రెండు సగాలూ ఒక్కచోటికి చేరాయి. సుమారు 450 రచనలు! ఒక పండితుడి జీవితానికి ఇంతకన్నా ఏం కావాలి?

1938లో ముస్సోలినీ ప్రభుత్వం జాతి చట్టాలు తెచ్చింది. జెంటిలీ యూదుడు. కొలువు పోయింది.

మరుసటి ఏడు సెప్టెంబరులో ఇటలీలోని సియెనా నగరంలో స్వరకర్త అల్ఫ్రెడో కసెల్లా సారథ్యంలో వివాల్డి వారోత్సవం జరిగింది. 1734 నాటి ‘లొలింపియాదె’ ఒపేరాను మళ్లీ రంగస్థలం ఎక్కించారు. దాని రాతప్రతి జెంటిలీ తొలిసారి విప్పిన ఆ 14 సంపుటాల్లోనిదే. ఆ వేడుక నిర్వహణలో ఆయనకు చోటు లేదు.